పేరున్న గిన్నె, పేరులేని గోధుమలు

ప్రతి పల్లెకీ ఒక దొంగ ఉండి తీరాలి. డాక్టరు లేకపోయినా ఫరవాలేదు, బడి లేకపోయినా ఫరవాలేదు. ఆ రెండూ లేకుండానే మేం పదేళ్ళుగా బతుకుతున్నాం. దొంగ కూడా లేకపోతే మాత్రం ఈ కెనడా సస్కాచువాన్ మైదానంలో మనిషి అలికిడే ఉండదు!

నవ్వకండి. నేను నెస్టర్‌ని. నలభై మూడేళ్ళుగా గోధుమ పండిస్తున్నవాణ్ణి. బాగా ఆలోచించే మన వారపత్రికకి ఈ మాట రాస్తున్నాను.

జులైలో మన బతుకేమిటో మీకు తెలుసు. చేను పచ్చగా నిలబడి ఉంటుంది. ఆకాశం కేసి చూడటం తప్ప చేసే పనుండదు. పడమట మబ్బు లేస్తే వడగళ్ళని భయం, లేవకపోతే కరువని భయం. ఇలాంటి మనిషికి కాస్త కాలక్షేపం కల్పించేదెవరు? ప్రభుత్వమా?

మే నెలలో దొంగ మా డీజిల్ ట్యాంకు ఖాళీ చేశాడు. ఆ వారమంతా చేలగట్లు కాలినడకన తిరిగి మూడు కిలోలు తగ్గాను. డాక్టరుండి ఉంటే ఎంత సంతోషించేవాడో!

జూన్‌లో నీళ్ళ పంపు రాగి తీగ పట్టుకుపోయాడు. ఆ పాత తీగ తీసెయ్యమని నా భార్య వెర్నా ఆరేళ్ళుగా నా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. దొంగకి ఒక్కసారి కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు. పనిమంతుడంటే అలా ఉండాలి.

ట్రక్కులకి తాళాలు వేసుకోవచ్చు కదా అంటారు పట్నంవాళ్ళు. తాళం వెయ్యడమంటే పొరుగువాణ్ణి దొంగా అని పిలవడమే కదండీ! ఆ పొరుగువాడు ఉన్నాడా లేడా అన్నది వేరే సంగతి.

ఇక ఈ నెల సంగతికొస్తాను. రోడ్డుకి అవతల లోర్న్ హాగెన్ కళ్ళం ఉండేది. వాడు మూడేళ్ళ కిందట పొలం అమ్మేసి పట్నం పోయాడు. కొన్న కంపెనీకి పేరు కూడా లేదు. గేటు మీద పేరుండాల్సిన చోట ఏడంకెల నంబరుంది. ఆ కళ్ళంలో వరసగా ఐదు ఇనప గాదెలు. నాలుగు కంపెనీవి, చివరిది నాది. అక్కడ నేల మెరక, తడి చేరదు. అందులో నిరుటి గోధుమలు మూడు వేల బుషెళ్ళు, అంటే ఎనభై టన్నులు, దాచాం. వచ్చే వసంతానికి విత్తనమూ అదే, వడగళ్ళు పడితే మా తిండీ అదే. గాదె ఉంది కదా అని ఈ ఏడు ఇన్సూరెన్సు కూడా వద్దనుకున్నాం.

మంగళవారం పట్టపగలు రెండు పెద్ద లారీలు వచ్చాయి. నేను మన వైపు పలకరింపుగా స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తాను. డ్రైవరు కూడా వేలెత్తాడు. కంపెనీవాళ్ళెవరూ మూడేళ్ళలో ఒక్కసారి వేలెత్తలేదు సుమండీ! నాకు మనసు నిండిపోయింది.

వాళ్ళ ధాన్యం ఎత్తే గొట్టం మొరాయిస్తే నేనే వెళ్ళి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి నడిపించాను. గొట్టం అవతలి కొస గాదెల వెనక ఉంది. అది ఏ గాదెలో ఉందో వెళ్ళి చూడలేదు. పని చేసుకుంటున్న మనిషిని ఎవరు నువ్వని అడగడం మన వైపు మర్యాద కాదు కదా!

వెర్నా అయితే గాజు గిన్నె నిండా బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీలు, పైన వేయించిన ఉల్లిపాయలు వేసి డ్రైవరుకి పట్టుకెళ్ళింది.

"తిను నాయనా, ఎండలో ఎంత కష్టపడుతున్నావో!"

"అయ్యో, మీకెందుకమ్మా శ్రమ."

"శ్రమేముంది? తినిపెట్టే మనుషులే కరువయ్యారు గానీ."

శుక్రవారం వడగళ్ళు పడ్డాయి. ఏడు నిమిషాలు. చేనంతా చాప పరిచినట్టు పడుకుంది. పోనీలే, గాదె ఉందని ధైర్యం చెప్పుకుంటూ వెళ్ళి దాన్ని తట్టాను. డప్పులా మోగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఈ వయసులో ఆ మాట రాయడానికి సిగ్గేమీ లేదు.

అయినా న్యాయం న్యాయమే. వడగళ్ళు వేలెత్తి పలకరించవు. వెళ్ళేటప్పుడు గేటు వేసి వెళ్ళవు. దొంగ వేశాడు!

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్నది పాత మాట. మన పోలీసులు మూడో రోజుకే వచ్చేశారు, తొంభై మైళ్ళ దూరం నుంచి. కానిస్టేబులు కుర్రవాడు, మర్యాదస్తుడు.

"గోధుమల్లో మీ పేరు అచ్చేసిన కాగితం ముక్కలు కలిపారా సార్?"

"ఈసారి కలపలేదు బాబూ."

"మరి అవి మీవేనని ఎలా తేలుస్తాం? గోధుమలన్నీ గోధుమల్లానే ఉంటాయి కదా. పోనీ, వాళ్ళ మొహాలు?"

"చూశాను. కంపెనీ మనుషులనుకున్నాను."

"కంపెనీ మనుషులెలా ఉంటారు సార్?"

లోర్న్ ఉన్న రోజుల్లో మా వాకిట్లో కొత్త బండి ఆగితే పావుగంటలో ఫోను మోగేది. "ఒరేయ్ నెస్టర్, మీ ఇంటికెవడ్రా వచ్చింది?" అనేవాడు. వాడిది ఎంత పాడు కుతూహలమని విసుక్కునేవాణ్ణి! ఇలాంటి ఇళ్ళు మా చుట్టూ పదకొండు ఉండేవి. ఇప్పుడు పదకొండు గేట్ల మీదా ఒకటే నంబరు. నంబరు ఫోను చేసి ఎవడ్రా అని అడగదు.

ఆ తరవాతి ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే మెట్టు మీద వెర్నా గాజు గిన్నె ఉంది. శుభ్రంగా తోమి ఉంది. అడుగున తెల్ల టేపు మీద మా ఇంటిపేరు చెక్కుచెదరలేదు. చర్చి విందుల్లో గిన్నెలు మారిపోకుండా మన ఆడవాళ్ళు అంటిస్తారే, అదే టేపు. పేరుంది కాబట్టి గిన్నె తిరిగొచ్చింది. ఇంత పద్ధతి గలవాడు దొంగేమిటండీ? మాకు మిగిలిన పొరుగువాడు అతనొక్కడే!

గిన్నె తెచ్చిన బాబూ, ఈ వారపత్రిక నువ్వు చదువుతావని తెలుసు. మా పోస్టుపెట్టెలోంచి తీసుకెళ్ళేది నువ్వే కదా. గిన్నె బాగా తోమావని వెర్నా మెచ్చుకుంది. కానీ ఖాళీగా తెచ్చావు. ఎవరింటి గిన్నెనైనా ఖాళీగా తిరిగివ్వకూడదని మీ అమ్మ నీకు చెప్పలేదా? వెర్నాకి ఆ కోపం ఇంకా చల్లారలేదు. గిన్నెని మళ్ళీ మెట్టు మీదే పెట్టింది.

మూడు వేల బుషెళ్ళు అందులో పట్టవని మాకూ తెలుసు. గాదె తలుపు తీసి ఉంచాం. ఈసారి దాని మీద కూడా టేపు అంటించి, పేరు రాశాం.