ఎండు వేపచెట్టు మంచం

ఆ సోమవారం పొద్దున రాజారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తను ఆరున్నర బస్సుకు ఫ్యాక్టరీకి వెళ్ళిపోతాడు. ఎనిమిదింటికి వడ్రంగి చిన్నరాములు రంపంతో వచ్చి, పెరట్లో ఎండిపోయి నిలబడ్డ వేపచెట్టును కోస్తాడు. వారం తిరిగేసరికి పటాన్‌చెరులోని ఆ రెండు గదుల వాటాలోకి జోడుమంచం వస్తుంది.

పెళ్ళయి రెండు నెలలైంది. తెనాలి నుంచి మామగారు రైల్లో పంపుతానన్న మంచాన్ని వద్దని, తన ఇంటి మంచం తనే చేయించుకుంటానని రాజారావు మాటిచ్చాడు. అతను ఫ్యాక్టరీలో లేతు మీద ఇనుము చెక్కే టర్నరు. అందుకని మంచానికి కూడా బొమ్మ గీసి, కోళ్ళ లావు మిల్లీమీటర్లలో రాశాడు. ఇంటి యజమాని, ధాన్యం వ్యాపారి కైలాసం సేటు, "ఎండిన చెట్టు నాకేం పని, కోసుకోండ్రి" అన్నాడు.

బస్సు వెళ్ళిపోయాక అన్నపూర్ణ గిన్నెలు తోముకోవడానికి పెరట్లోకి వచ్చి తలెత్తింది. ఎత్తిన తల దించలేదు. చెట్టు కాండానికి నిలువుగా అతుక్కుని, తోకను ఊతకర్రలా ఆనించి, ఒక పిట్ట. బంగారు రంగు వీపు, నిప్పులాంటి ఎర్రటి కుచ్చు. దాని పక్కన గుండ్రటి తొర్ర, తొర్ర లోపల సన్నటి గోల. గుంటూరు కాలేజీలో జంతుశాస్త్రం చదివిన మూడేళ్ళూ వడ్రంగి పిట్టను ఆమె నల్లసిరా బొమ్మగానే చూసింది. దానికి ఇన్ని రంగులున్నాయని పుస్తకం చెప్పలేదు.

కాసేపటికి రెండోది వచ్చింది. ఒకటి తొర్రలోంచి వెళితే ఒకటి వచ్చి చీమలు మేపుతోంది, ఫ్యాక్టరీలో షిఫ్టు మారినట్టు. జిన్నారం వైపు అడవిలో ఉండవలసిన దంపతులు. కొత్త షెడ్ల కోసం చెట్లు కొట్టేస్తుంటే ఇల్లు వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చి ఉంటారు. 'మాలాగే' అనుకుంది అన్నపూర్ణ. పిల్లలు ఎగిరిపోవడానికి మూడు వారాలు చాలు.

చిన్నరాములు సరిగ్గా ఎనిమిదింటికి వచ్చాడు. అన్నపూర్ణ పెరటి తలుపుకు అడ్డంగా నిలబడింది. అసలు సంగతి చెబుదామంటే, ఇతను రోజూ కూర్చునేది కైలాసం సేటు దుకాణం అరుగు మీద. ఆ పిట్ట తన గోదాం తలుపులు తొలిచేస్తుందని సేటుకు అనుమానమని ఆమె వీధిలో విన్నది. కనపడితే చాలు, రాయి తీస్తాడు.

"మంచం వద్దు. ఇప్పుడే వద్దు" అంది.

"ఏందమ్మా, గట్లంటవ్? కొత్తగ పెండ్లైనోళ్ళు, మంచం వద్దా?"

"మూడు వారాలు వద్దు."

"జెర చెట్టునన్న సూసిపోత."

"చెట్టు దగ్గరికి అసలే వద్దు!"

చిన్నరాములు రంపాన్ని భుజాన వేసుకుని ఆమె ముఖంలోకి జాలిగా చూశాడు. నలుగురు ఆడపిల్లల తండ్రి. అతనికి అంతా అర్థమైపోయింది. అర్థమైనదంతా సేటు దుకాణంలో చెప్పాడు. సేటు వెళ్ళి తన ఇంట్లో చెప్పాడు. సాయంత్రం బస్సు దిగిన రాజారావుకు దుకాణం దగ్గరే తెలిసింది.

అతను చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడవైపు చూస్తూ అన్నాడు:

"అన్నపూర్ణా, చిన్నరాములు చెప్పాడు. మంచం గురించి నేనేమీ అడగను. నీకు ఎప్పుడు ఇష్టమైతే అప్పుడే."

అన్నపూర్ణ కళ్ళు చెమర్చాయి. చిన్నరాములు తొర్రను దూరం నుంచే చూసి పసిగట్టి, సేటుకు చెప్పకుండా ఈయనకే చెప్పాడన్నమాట! పిట్ట పిల్లల కోసం మంచం మానుకునే మగవాడు ఎంతమందికి దొరుకుతాడు?

"మీరింత మంచివారని నాకు తెలుసండీ" అంది.

ఆ రాత్రి నుంచి రాజారావు చాప తీసుకెళ్ళి వీధి అరుగు మీద పడుకున్నాడు. ఉక్కగా ఉంది కాబోలు అనుకుంది అన్నపూర్ణ.

అరుగు మీది చాప వీధివీధంతటికీ కనిపించింది. మూడో రోజు మధ్యాహ్నం సేటు భార్య రుక్మిణి ఓదార్చడానికి వచ్చింది. పెరటి గడపలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎండకు కళ్ళవెంట నీరు కారుతుంటే ఆకాశంలోకి చూస్తోంది కొత్తకోడలు.

"బువ్వ తిన్నవా, బిడ్డా?"

"ఇంకా లేదు పిన్నిగారూ. కాసేపాగి తింటాను."

"మొగుడు మంచోడే కదనే. అరుగు మీద పండుకుంటుండు, పాపం."

"ఆయనకు అదే హాయిగా ఉందట."

రుక్మిణి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ సాయంత్రమే కైలాసం సేటు తెనాలికి కార్డు రాశాడు. 'మీ బిడ్డ మంచం వద్దన్నది. అన్నం తింటలేదు. పెద్దమనుషులు జల్దీ రావలె.'

అన్నపూర్ణ తండ్రి భీమశంకరంగారు పదిహేడో రోజున వచ్చారు. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. చెంబెడు నీళ్ళు తాగి, పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. సేటు, రుక్మిణి, సాక్షిగా చిన్నరాములు చుట్టూ చేరారు. రాజారావు సెలవు పెట్టి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది.

"అమ్మడూ, నీ పెట్టె సర్దుకో" అన్నారు భీమశంకరంగారు.

"ఎందుకు నాన్నా?"

"ఇష్టం లేని కాపురం నా కూతురు చెయ్యక్కర్లేదు."

అన్నపూర్ణ భర్త వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

"మరి మంచం ఎందుకొద్దన్నావు?"

ఆమె సేటు చేతుల వైపు ఒకసారి చూసింది. కాపురమా, పిట్టలా అని తేల్చుకోవలసిన ఘడియ. తర్వాత చెయ్యెత్తి చెట్టు చూపించింది. తొర్రలోంచి మూడు ఎర్రకుచ్చుల తలలు, పెద్దమనుషులను ఒక్కొక్కరినే పరిశీలిస్తున్నాయి.

"గీ దొంగపిట్ట కోసమా!" సేటు వంగి రాయి తీశాడు.

"కింద పడెయ్యి" అంది రుక్మిణి. "పిల్లలున్నై. కనవడ్తలేదా?"

సేటు రాయి కింద పడేశాడు.

రాజారావు మెల్లగా అడిగాడు. "అయితే నేను పదిహేడు రోజులు అరుగు మీద ఎందుకు పడుకున్నట్టు?"

"ఉక్కకి కాదూ?"

చిన్నరాములు లేచి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. వేళ్ళ కణుపులతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇది మంచానికి పనికి రాదమ్మా. లోపలంత కుళ్ళి డొల్లయింది. గట్టి చెట్టయితే గీ పిట్ట ఇల్లు కడ్తదా? మొదటి దినమే ఒక్కపారి తట్టనిస్తే, కొయ్యక ఎనుకకు పోతుంటి."

ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. చివరికి అతనే జాలిపడి, తన కొట్టంలో ఆరిన మద్దిచెక్క ఉందని, నాలుగు రోజుల్లో మంచం చేసిస్తానని చెప్పాడు. రాజారావు లోపలికి పరుగెత్తి బొమ్మ కాగితం తెచ్చాడు. అన్నపూర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పిట్టపిల్లలు మరునాడే ఒకటొకటిగా ఎగిరిపోయాయి.

మంచం అన్నమాట ప్రకారం నాలుగో రోజున వచ్చింది. కోళ్ళు మిల్లీమీటరు తేడా లేకుండా కుదిరాయి. అయితే ఐదో రోజున ఆషాఢం ప్రవేశించింది. కొత్తకోడలు ఆ నెల అత్తవారి గడపలో ఉండకూడదు గనక, ఎలాగూ వచ్చిన భీమశంకరంగారు కూతురి పెట్టె సర్దించి, ముందురోజు రైలుకే తెనాలి తీసుకువెళ్ళారు.

జోడుమంచం మీద ఆ నెలంతా రాజారావు మధ్యలో పడుకున్నాడు.