ఐదు లీటర్ల పాట

ఆదివారం పొద్దున ఏడింటికి బయలుదేరి, తొమ్మిదిలోపు తొర్రూరు చేరి, మరదలి గృహప్రవేశంలో అందరి కళ్లముందు కారు ఆపాలని సుదర్శన్ అనుకున్నాడు. అతను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారి. పాతికేళ్లు లారీల్లో బస్తాల మీద కూర్చుని తిరిగిన మనిషి. కారు కొంటే కొన్నట్టుండాలని, రెండే తలుపులున్న స్పోర్ట్స్ కారు హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మరీ కోటీశ్వరులు తిరిగేది కాదు, అట్లని అందరూ కొనేదీ కాదు. రంగు మాత్రం మొదటి కోత తేజ మిర్చి రంగు. గురువారం నాడు అమ్మినవాళ్ల డ్రైవరే దాన్ని తోలుకొచ్చి ఇంటిముందు పెట్టి బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజే తల్లి సమ్మమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ముందట నిమ్మకాయ, మిరపకాయలు కడ్తరా బిడ్డా. నరుని కంటికి నల్లరాయే పగుల్తది. ఇదెంత?"

"అవ్వా, ఇసోంటి కారుకు నిమ్మకాయ కడ్తే జనం నవ్వుతరు. ఇదేమన్న బొగ్గు లారీయా? బయట ఏం కట్టద్దు."

సమ్మమ్మ ఇంకేమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఆ సంగతి అక్కడితో అయిపోయిందని ఆ ఇంట్లో ఒక్క సుదర్శనే అనుకుంటాడు.

ఆదివారం అనుకున్న వేళకే బయలుదేరారు. పక్కన భార్య శోభారాణి, వెనక ఇరుకు సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని సమ్మమ్మ. ఊరు దాటాక సుదర్శన్ ఎక్సలేటర్ అడుగుదాకా తొక్కాడు. కారు గురగురమన్నది. గంటకు ఇరవై కిలోమీటర్లు దాటలేదు. వర్ధన్నపేట దగ్గర పల్లెవెలుగు బస్సు దాటిపోయింది. తర్వాత పత్తి బస్తాల ట్రాక్టరు దాటింది. దాటుతూ దాని డ్రైవరు జాలిగా చూశాడు. రాయపర్తి దగ్గర శోభారాణి అన్న కుమారస్వామి, తన పాత జీపుతో వచ్చి పక్కన కలిశాడు. అతనిదీ అదే మార్కెట్, అదే వ్యాపారం.

"ఏంది బావా, ఆగిపోయిందా?"

"నడుస్తాంది."

"నడుస్తాందా! నిలవడ్డదనుకున్న. మంచినీళ్లేమన్న కావాల్నా?"

వాళ్లు చేరేసరికి పాలు పొంగి చల్లారాయి. భోజనాల రెండో బంతి లేచింది. శోభారాణి చెల్లెలి ముఖం చూడలేక నేరుగా వంటల దిక్కు వెళ్లింది. కుమారస్వామి పదిమందిలో నిలబడి, "చూస్తందుకు పులి. ఇంజన్ జూస్తే పిల్లి. గంత కారుకు రెండు లీటర్ల ఇంజన్ ఏం సరిపోతది?" అన్నాడు. విస్తరి ముందు కూర్చున్న సుదర్శన్ ముద్ద నోట్లో పెట్టుకోకుండానే తీర్మానించుకున్నాడు.

"పెద్దది పెట్టిస్త."

"మంచిగున్న కారును ఎందుకు ఇప్పుతానవయ్యా?" అన్నది శోభారాణి తిరుగుదారిలో.

"పెట్టిస్త అన్న. పెట్టిస్త."

ఆ దారంతా వాళ్లకు మాట్లాడుకోవడానికి కావలసినంత సమయం ఉంది. సుదర్శన్ మాత్రం దాటిపోయే బండ్లను లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరాడు.

ఎంత పెద్దది పెట్టించాలన్నది సోమవారం పొద్దున తేలింది. ఎనుమాములలో రోజూ కొనుగోళ్లు మొదలయ్యే ముందు యార్డు జెండా కింద వేలం పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన మంచి సరుకు ముందు పెట్టి వ్యాపారులు పోటీగా ధర పాడతారు. మూడోసారి పిలిచి ఖాయం చేశాక మాటంటే మాటే. జెండా కింద అన్నమాట వెనక్కి తీసుకున్న వ్యాపారికి మరునాడు ఏ రైతూ బస్తా మూతి విప్పి చూపించడు. సుదర్శన్ చేసిన పొరపాటు ఒక్కటే. ఇంజన్ గురించి నలుగురి సలహా అడగడానికి ఆ జెండా కిందే నిలబడ్డాడు.

"రెండు లీటర్లది సరిపోతలేదు. ఎంతది పెట్టిస్తే మంచిగుంటది?"

"రెండున్నర చాలు" అన్నాడెవరో.

పాట నడిపే రామలింగం పక్కనే బీడీ ముట్టించుకుంటున్నాడు. పదిహేడేళ్లుగా అతని చెవిలో అంకె పడితే నోట్లోంచి అదే బయటికొస్తుంది.

"రెండున్నర! రెండున్నర! ఇంకెవ్వలు?"

పాట మొదలైందనుకుని జనం ఉరికొచ్చారు. ఏ సరుకో తెలియని మరిపెడ వ్యాపారి ఒకడు గుంపును తోసుకుని వచ్చి "మూడు!" అన్నాడు. కుమారస్వామికి సంగతి తెలుసు. మీసం కింద నవ్వుకుంటూ, "నాలుగు!" అన్నాడు.

పాతికేళ్లలో బామ్మర్ది పాడిన అంకెమీద ఇంకో అంకె వేయకుండా సుదర్శన్ నోరు ఒక్కనాడూ ఊరుకోలేదు.

"ఐదు!"

"ఐదు! సుదర్శన్ సేటు ఐదు! ఒకటోసారి... రెండోసారి..." రామలింగం చుట్టూ చూశాడు. కుమారస్వామి ఆకాశంలోకి చూస్తున్నాడు. "మూడోసారి! ఖాయం!"

జనం చప్పట్లు కొట్టారు. కొట్టాక, ఏం కొన్నారని ఒకరినొకరు అడిగారు.

సుదర్శన్ అక్కడినుంచి నేరుగా ములుగు రోడ్డు మీది యాకయ్య షెడ్డుకు కారు పట్టుకెళ్లాడు. యాకయ్య లారీలు బాగుచేస్తాడు. అడిగిన పని చేస్తాడు, అడగని మాట మాట్లాడడు.

"ఐదు లీటర్లదంటే కార్లకు రాదు సేటు. లారీది వస్తది. నా దగ్గర ఒకటున్నది."

"పెట్టు."

యాకయ్య బానెట్ లేపి టేపు పెట్టి కొలిచాడు. "పట్టది. బానెట్ కొయ్యాలె."

"కొయ్యి."

"ముందటి సీట్లు ఎనక్కు జరగాలె."

"జరుపు."

"జరిగితే ఎనక సీటుండది."

సుదర్శన్ మొదటిసారి ఆగాడు. "మరి మా అవ్వ ఏడ కూసుంటది?"

"ఇంజన్ మీద మెత్త ఏస్త. లారీలల్ల గట్లనే కూసుంటరు."

వచ్చే ఆదివారం కొయ్యడానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఈలోపు మాట ఊళ్లో తిరిగింది. కారుకు లారీ ఇంజనట అని మార్కెట్ గేటు దాటింది. లారీ కొన్నాడట అని నర్సంపేట చేరింది. మంగళవారం ఒక రైతు ఫోన్ చేసి, "సేటూ, ఇరువై బస్తాలున్నయి. నీ బండి ఖాళీ ఎప్పుడు?" అన్నాడు. ఇంకొకాయన దుక్కికి రొటవేటర్ లాగుతుందా అని అడిగాడు. బుధవారం లారీ ఓనర్ల సంఘం తరఫున ఇద్దరు పెద్దమనుషులు పూలదండ, సభ్యత్వం ఫారం పట్టుకుని ఇంటికే వచ్చారు. గురువారం శోభారాణి పెద్దమ్మ పరకాల నుంచి సకినాల డబ్బాతో దిగి, గడపలోనే ఏడుపు అందుకుంది.

"ఎంత బతుకు బతికిన పిలగాడు! లారీ తోలేకాడికి వచ్చెనా బిడ్డా!"

ఆమెను ఊరుకోబెట్టి చాయ్ ఇచ్చి పంపేసరికి శోభారాణి ఓపిక అయిపోయింది.

"చూడయ్యా. గా ఇంజన్ పెట్టినవంటే నేను ఆ బండెక్క. ఎక్కి ఏం చెయ్యాలె? క్లీనర్ లెక్క తలుపు కొట్టుకుంట రైట్, రైట్ అనాల్నా?"

సుదర్శన్ సకినం ఒకటి విరిచి, తినకుండానే డబ్బాలో పెట్టాడు.

"గా బానెట్ కోస్తే నా కడుపు కోసినట్టే శోభా. బస్తాల మీద కూసున్నప్పటి సంది అసోంటి కారు కొనాలని ఉండె. గని కొయ్యకుంటే రేపు జెండా కింద నా మాటకు ఇలువేడిది? కారు పోతే కారే పోతది. మాట పోతే దుకాణమే పోతది."

"ఎవలడిగిండ్లు నిన్ను ఐదనమని?"

"మీ అన్న నాలుగన్నడు."

పక్కన కూర్చుని చింతపండు గింజ తీస్తున్న సమ్మమ్మ తల ఎత్తి, "ఏంది కోసుడు?" అన్నది. కారు ముందుభాగమని చెప్పారు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ గింజలు తీయసాగింది.

ఆదివారం మార్కెట్‌కు సెలవు. సగం మార్కెట్ యాకయ్య షెడ్డులోనే ఉంది. లారీ ఇంజన్ గొలుసుకు వేలాడుతూ ఎర్రకారు మీదికి చూస్తోంది. యాకయ్య బానెట్ మీద సుద్దముక్కతో గీత గీశాడు. కుమారస్వామి జీపులోంచి కుర్చీ దింపించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. బండెక్కనన్న శోభారాణి ఆటోలో వచ్చి గోడ దగ్గర నిలబడింది. యాకయ్య కోసే మిషన్ ఆన్ చేశాడు.

"కొయ్యాల్నా సేటు?"

సుదర్శన్ కళ్లు మూసుకున్నాడు. "కొయ్యి."

"ఆగుండ్లి! ఆగుండ్లి! నా మూట తీస్కుంట!"

ఇంకో ఆటోలోంచి సమ్మమ్మ దిగుతోంది. వచ్చి, ఎవరినీ చూడకుండా కారు ముందు వంగింది. గ్రిల్ పక్కనున్న తొర్రలో మోచేతిదాకా చెయ్యిపెట్టి కాసేపు తడిమి, ఒక నల్లగుడ్డ మూట లాగింది. గట్టిగా ముడేసిన మూట. టెంకాయంత ఉంది.

"ఏందవ్వా అది?" అన్నాడు సుదర్శన్.

"దిష్టి మూట. నిమ్మకాయ, మిరపకాయలు, దొడ్డుప్పు, బొగ్గు. కారొచ్చిన గురువారమే, నువ్వు తానం చేస్తాంటే పెట్టిన."

"నేను కట్టద్దన్న గదా!"

"బయట కట్టద్దన్నవ్. బయట కట్టిన్నా? లోపల పెట్టిన."

"అత్తమ్మా, అది నా కొత్త జాకిట్ ముక్క!" అన్నది శోభారాణి. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

యాకయ్య మిషన్ ఆపి, తొర్రలోకి లైటు కొట్టి చూశాడు. "అవ్వా, ఇది కారు ముక్కు. ఇంజన్‌కు గాలి ఈడికెళ్లే పోతది. పది రోజుల సంది ముక్కు మూసి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది?"

"మరి నువ్వెందుకు చూడలే?" అని సుదర్శన్ అతని మీదికి వెళ్లాడు.

"మీరు ఇంజన్ చిన్నగున్నదన్నరు. కొలిచిన. చిన్నగనే ఉన్నది. బండి ఉరుకుతలేదని ఒక్కపారన్న అన్నరా?"

యాకయ్యే ఎక్కి స్టార్ట్ చేశాడు. షెడ్డు రేకులు అదిరాయి. వేలాడుతున్న లారీ ఇంజన్ గొలుసుతో సహా చిన్నగా ఊగింది. సుదర్శన్ ముఖం వెలిగింది. శోభారాణి మొగుడి దిక్కు చూసి వారం తర్వాత మొదటిసారి నవ్వింది. అప్పుడు కుమారస్వామి కుర్చీలోంచి లేచాడు.

"అంత మంచిగనే ఉన్నది బావా. మరి ఐదు లీటర్ల పాట సంగతేంది? జెండా కింద మాట గదా."

యాకయ్య ఇంజన్ ఆపి దిగాడు. సుదర్శన్ ఒకసారి కారును చూశాడు, ఒకసారి జనాన్ని చూశాడు.

"మాట తప్ప నేను. కొయ్యి యాకయ్య."

"నీకేమన్న పిచ్చి లేసిందా!" అని శోభారాణి వచ్చి సుద్దగీత మీద చెయ్యి పెట్టి నిలబడింది. యాకయ్య మిషన్ ఎత్తడమా దించడమా తేల్చుకోలేకపోయాడు. గుంపు వెనకనుంచి రామలింగం మెల్లగా ముందుకొచ్చాడు. సమ్మమ్మ చేతిలోని మూట తీసుకుని, ముడి విప్పి, ఒక మిరపకాయ విరిచి వాసన చూసి, మార్కెట్ గొంతు ఎత్తాడు.

"పాట అయినంక బస్తా ఇప్పితే అడుగున వేరే సరుకు ఎల్లింది. ఏం జెయ్యాలె?"

"రద్దు!" అన్నది సగం మార్కెట్ ఒక్క నోటితో. రోజూ అనే మాటే.

"గది మిర్చి బస్తాలకు!" అన్నాడు కుమారస్వామి.

"ఇండ్ల ఉన్నదేంది మరి?" రామలింగం మిరపకాయ చూపించాడు. "పోయిన్నెల నువ్వు పాడిన బస్తాల తెల్లబారిన తాలుకాయ ఎల్లితే నువ్వే వచ్చి రద్దు చేయించుకోలేదా? నీకో రివాజు, మీ బావకో రివాజా?"

కుమారస్వామి కుర్చీ మడిచాడు. జీపు స్టార్టయిన చప్పుడు వినబడింది. రామలింగం అటు చూడకుండానే, "రద్దు ఒకటోసారి... రెండోసారి... మూడోసారి!" అని ముగించాడు. సుదర్శన్ తువ్వాలతో బానెట్ మీది సుద్దగీత తుడిచాడు. రెండుసార్లు తుడిచాడు.

తల్లినీ భార్యనూ ఎక్కించుకుని, పదిమంది చూస్తుండగా కారు రోడ్డుమీదికి తెచ్చాడు. వారం రోజులుగా అలవాటుపడ్డ కాలు ఎక్సలేటర్‌ను అడుగుదాకా తొక్కింది. ఆ తర్వాత షెడ్డు కనబడలేదు. రెండు లారీలు, ఒక పెండ్లి బస్సు, ముందే బయలుదేరిన కుమారస్వామి జీపు వచ్చినవి వచ్చినట్టు వెనక్కి పోయాయి. బామ్మర్దిని దాటే ఘడియ కోసం పాతికేళ్లు ఎదురుచూసిన మనిషి, అది వచ్చినప్పుడు స్టీరింగును రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. కారు ఎలాగో ఒక హోటల్ ముందు ఆగింది. సుదర్శన్ అంగీ పిండితే నీళ్లు కారేట్టుంది.

శోభారాణి కళ్లు తెరిచింది. "ఇల్లు వచ్చిందా?"

"దాటింది."

వెనకనుంచి సమ్మమ్మ నెమ్మదిగా అన్నది, "ఇప్పుడు తగుల్తది బిడ్డా, దిష్టి."

సోమవారం పొద్దున మార్కెట్‌కు పోయేముందు సుదర్శన్ వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. చివరికి తల్లి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అవ్వా, గా మూట పారేసినవా?"

ఆమె కొంగు చాటునుంచి మూట తీసి ఇచ్చింది. గుడ్డ అదే. నిమ్మకాయ మాత్రం కొత్తది. సుదర్శన్ వీధి అటూ ఇటూ చూసి, కారు ముందు వంగి, మోచేతిదాకా చెయ్యిపెట్టి తనే దాన్ని భద్రంగా కూరాడు.

ఆ కారు ఇప్పుడు ఇరవై దాటదు. పెద్ద ఇంజన్ సంగతి ఎవరైనా ఎత్తితే, సుదర్శన్ ముందు వాళ్లను జెండాకు దూరంగా తీసుకెళ్లి, ఆ తర్వాతే చెబుతాడు: ఉన్న రెండు లీటర్లే కొంచెం ఎక్కువని.