అయిదు కిలోల ఇంజిన్ ఆయిల్

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. మామగారి కారులో పాత ఆయిల్ తీసి కొత్తది పోయాలి, ఆపైన అదే కారులో భార్యను ఇంటర్వ్యూకి దింపాలి. తనను అడక్కుండా పెళ్ళి చేసుకున్నారని ఏడాదిగా ముభావంగా ఉన్న మామగారు స్వయంగా పిలిచి చెప్పిన పని అది. అల్లుడు పొంగిపోయి చొక్కా చేతులు మడిచాడు.

నాలుగు లీటర్ల డబ్బా తెచ్చాడు. మామగారు దాన్ని వంటింటి కాటా మీద పెట్టారు. నాలుగు కిలోలు కూడా తూగలేదు.

"నీళ్ళే లీటరుకి కిలో ఉంటాయి. ఇదేమో నీళ్ళకన్నా చిక్కన. అయిదు కిలోలైనా ఉండొద్దూ? షాపువాడు నిన్ను నిలువునా ముంచాడయ్యా!"

అల్లుడు కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. చిక్కదనం వేరు, బరువు వేరు, నూనె నీళ్ళ మీద తేలేది అందుకేనని ఏటా పిల్లలకు చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళకు కలిసిన మాటలు మళ్ళీ తెగిపోతాయేమోనని మింగేశాడు.

"మరేం చేద్దాం మావయ్యగారూ?"

"ఇంకో డబ్బా తెచ్చి తూకం సరిచెయ్యి."

తూకం సరిచేసి, మొత్తం అయిదు కిలోలూ ఇంజిన్లో పోశాడు. ఆయిల్ మట్టం కొలిచే పుల్ల ముంచి చూశాడు.

"గీత దాటిపోయిందండీ."

"గీత గీసినవాడు మాత్రం మనిషి కాదా?"

ముగ్గురూ బయలుదేరారు. నాలుగు వీధులు దాటేసరికి వెనక నీలం పొగ లేచింది. కూడలిలో కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎవరో "మంటలు!" అని కేక పెట్టారు. ఇద్దరు బాటసారులు మామగారిని చెరో రెక్కా పట్టుకుని బయటికి లాగారు. తనకేం కాలేదని ఆయన అరిచినకొద్దీ, మతి చలించిందనుకుని రోడ్డు పక్కన పడుకోబెట్టి తువ్వాళ్ళతో గాలి విసిరారు. టీకొట్టతను బానెట్ మీద బకెట్ నీళ్ళు కుమ్మరించాడు. అప్పుడే దిగుతున్న భార్య నిలువునా తడిసింది. ఆవిడ సర్టిఫికెట్లు గుండెకు హత్తుకుని, మొగుడి వంక ఒక్క చూపు చూసి, అలాగే బస్సెక్కింది.

మెకానిక్ వచ్చి పుల్ల తీసి చూశాడు. "ఇంత ఎవరు పోశారండీ? ఇంజిన్ పోయేది!"

మామగారు ఆకాశంలోకి చూశారు.

"నేనే," అన్నాడు అల్లుడు.

సాయంత్రం భార్య ఉద్యోగంతో తిరిగొచ్చింది. అంత తడిసి కూడా వచ్చిన మనిషి రేపు సెలవులు పెట్టదని ఇంటర్వ్యూ చేసినవాళ్ళకు నమ్మకం కుదిరిందట. ఆ సంబరం చెప్పడం అయ్యాక మొగుడి మీద పడింది.

"ఫిజిక్స్ చెప్పే మనిషివి, ఆ మాత్రం తెలీదా నీకు?"

మామగారు అడ్డొచ్చారు. "అతన్నేం అనకమ్మా. మా అల్లుడు పాఠాలు చెప్పుకునేవాడు, నూనె సంగతి అతనికేం తెలుస్తుంది?"

'మా అల్లుడు' అన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆ క్షణాన మూడో డబ్బా పోయమన్నా పోసేవాడే.