ఇది మీరేనా?

ఆ ఉదయం కంగారమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: కిటికీ కర్టెన్లు ఉతకడం. ఉతికితే చిరుగుతాయేమో, చిరిగితే ఎదురింటివాళ్లు లోపలికి చూస్తారేమో, ఆ చూసేవాళ్లలో ఒక దొంగ ఉంటాడేమో అన్నంతవరకూ ఆలోచించి, అయినా తెగించి బకెట్లో నానేసింది. కంగారమ్మ అన్నది ఇరుగుపొరుగు పెట్టిన పేరు. వాళ్లకు జాలి ఎక్కువ కనక అంతటితో వదిలేశారు.

కూతురిది ఆఫీసు కంప్యూటర్లలోకి వైరస్‌లూ హ్యాకర్లూ చొరబడకుండా కాపలా కాసే ఉద్యోగం. ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ రోజే పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయన బాగుందంటే ఉద్యోగం ఉంటుంది, పెదవి విరిస్తే ఊడుతుంది. ఆ హడావిడిలో పిల్ల తన ఫోనును వంటింటి గట్టుమీద మరచి వెళ్లింది.

కంగారమ్మ కర్టెన్లు పిండుతుండగా ఆ ఫోను టింగుమంది. "ఎవరో మీ ఆఫీసు ఖాతా తెరుస్తున్నారు. ఇది మీరేనా?" కింద అవును, కాదు అని రెండు బొత్తాలు.

"నేనెందుకవుతానూ, ఇక్కడ బకెట్ ముందుంటే!" అని తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, నిజాయితీగా ‘కాదు’ నొక్కింది. మళ్లీ అడిగింది. మళ్లీ కాదంది. చివరికి ఫోనుకే అనుమానం వచ్చి, "దొంగలని ఫిర్యాదు చేసి, ఆఫీసులో అన్నీ మూసేయమంటారా?" అంది. తన భయాన్ని ఇంత మర్యాదగా కనుక్కున్నవాళ్లు ఇంట్లో కూడా లేరు. కంగారమ్మ కళ్లు చెమర్చాయి. "చెయ్యి నాయనా" అంటూ నొక్కేసింది.

కాసేపటికి ఎవరో ఫోన్ చేశారు. తేనెలో ముంచి తీసిన గొంతు.

"అమ్మగారూ, మీ అమ్మాయి ఆఫీసు నుంచండీ. పాపం, చిక్కులో పడింది. ఈసారి అడిగితే అవునని నొక్కండి, చాలు."

"నా పిల్ల చిక్కులో ఉంటే నీకంత కులాసా ఏంట్రా? నీకు అమ్మానాన్నా లేరూ? పెట్టెయ్ ఫోను!"

పెట్టేశాడు. వెంటనే ఇంకో కొత్త నంబరు.

"అమ్మా, నేనే! కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. నువ్వేదో నొక్కావు కదూ? అవును నొక్కమ్మా, తనిఖీ ఆయన పక్కనే ఉన్నాడు!"

అచ్చం కూతురి గొంతే. దాంతో కంగారమ్మకు అనుమానం ఖాయమైంది. "దొంగలు మనవాళ్ల గొంతుతోనే ఫోన్ చేస్తారమ్మా, నేనే చేసినా నమ్మకు" అని రోజూ అన్నం దగ్గర చెప్పేది ఆ కూతురే. పెంచినన్నాళ్లలో కంగారమ్మ కూతురి మాట విన్నది ఆ ఒక్క రోజే.

"నా కూతురివే అయితే, చిన్నప్పుడు నిన్నేమని పిలిచేదాన్నో చెప్పు."

అటు గొణుగుడు. "చీమిడి మహారాణి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అది వీధంతటికీ తెలుసు. బళ్లో డబ్బాలో కూర ఏం చేసేదానివి?"

"అమ్మా, స్పీకర్లో ఉన్నావు..."

"చెప్పు!"

"గోడవతల పారేసేదాన్ని. రోజూ. చాలా? ఇంక నొక్కు!"

"దొంగమొహమా! నా కూతురు చచ్చినా ఆ మాట ఒప్పుకోదు. నా పిల్లని ఏం చేశావే?"

ఫోను పెట్టేసి, చెప్పులు తారుమారుగా తొడుక్కుని బస్సెక్కింది. పిల్లను కుర్చీకి కట్టేసి, గొంతు మాత్రం లాక్కుని ఉంటారని దారంతా ఏడుస్తూనే ఉంది.

ఆఫీసులో స్క్రీన్లన్నీ నల్లబడ్డాయి. ఉద్యోగులు పని ఆగిందన్న విచారాన్ని ముఖానికి పులుముకుని వరండాలో టీ తాగుతున్నారు. కంగారమ్మ కూతురిని పట్టుకుని, మణికట్ల మీద తాళ్ల గుర్తులు వెతికింది.

"నా ఉద్యోగం పీకించావు కదమ్మా!" అని పిల్ల బావురుమంది.

"సామాను సర్దుకోమన్నాను. తల్లిగారు మోసిపెడతారు" అన్నాడు మేనేజరు.

"ఆగండి," అన్నాడు తనిఖీ అధికారి. "పొద్దున్నుంచి మావాళ్లు హ్యాకర్ల వేషంలో మీ ఆఫీసు మీద పడ్డారు, పరీక్షకి. ఈ అమ్మాయి పాస్‌వర్డు టీ చల్లారేలోపే దొరికింది."

"ఎవడిచ్చాడు?" మేనేజరు ఉరిమాడు.

"తమరే."

భద్రత కోసమని అందరి పాస్‌వర్డులూ తన దగ్గరే పెట్టుకున్న మేనేజరు, ‘పై ఆఫీసు నుంచి’ అనగానే ఫోన్లో అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాడట.

"కానీ గడప దాటలేకపోయాం. ఎన్నిసార్లు తోసినా ఆ ఫోను కాదంది. మాటల్లో దిట్ట అయిన మావాడితో ఫోన్ చేయించి అడిగించాం. అతను ఇంకా కోలుకోలేదు. ఏ కంపెనీదమ్మా ఈ ఏర్పాటు?" అని నవ్వాపుకుంటూ అడిగాడు.

పిల్ల ముక్కు ఎగబీల్చి, పక్కకు వేలు చూపింది. "మా అమ్మండీ."

"ఫోను ఇంట్లో పెట్టి రమ్మన్నది నేనే సార్" అన్నాడు మేనేజరు.

సాయంత్రానికి కూతురి ఉద్యోగం పర్మినెంటైంది. తనిఖీ నివేదికలో ఆఫీసు భద్రత గురించి ఒక్క వాక్యమే ఉంది: ఈ కంప్యూటర్లలోకి హ్యాకర్లు రాలేరు, ఉద్యోగులూ రాలేరు.