సద్దు లేని బండి

కరువును పారదోలడానికి తాను ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొనబోతున్నట్టు బయ్యన్న ప్రకటించిన రోజు కుందుర్పిలో నిప్పులు కక్కే ఎండ. మాజీ మండలాధ్యక్షుడూ, తన మాట ప్రకారమే కాబోయే మండలాధ్యక్షుడూ అయిన ఆయన, ఇంటి ముందర షామియానా వేయించి, నలుగురు విలేకరులకు మజ్జిగ ఇప్పించి, సంగతి విడమరిచి చెప్పాడు. డీజిల్ పొగ పైకి పోయి మన మబ్బులను బెదరగొడుతోంది. బెదిరిన మబ్బులు పోయి కర్ణాటకలో కురుస్తున్నాయి. కాబట్టి ఇకమీదట తన కుటుంబం పొగ లేని బండిలోనే తిరుగుతుంది. త్యాగం ఎక్కడో ఒకచోట మొదలు కావాలి గనక అది తన పోర్టికోలోనే మొదలవుతుంది.

విలేకరులు త్యాగం అనే మాట కింద గీత గీసుకున్నారు.

షామియానా చివరి గుంజ పట్టుకుని నిలబడ్డ ఈరన్నకు మబ్బుల సంగతి బాగానే అర్థమైంది. అర్థం కానిది తన అర్జీ సంగతే. తన బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఇరవై రెండు రోజులైంది. మూడొందల చీనీ చెట్లు, అంటే బత్తాయి. కాయ నిమ్మకాయంతై ఆగిపోయింది, ఆకు దొన్నెలా ముడుచుకుంది. ఇంకో వారం తడి లేకపోతే కాయ కాదు, చెట్టే పోతుంది. కరెంటాఫీసులో అడిగితే జాబితాలో నీది నలభై మూడో పేరు, లీడరుతో ఒక మాట చెప్పిస్తే ముందుకు జరగొచ్చు అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఈరన్న ఐదుసార్లు వచ్చాడు. ఐదుసార్లూ బయ్యన్న అర్జీని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. కాగితం మీద అంత భక్తి ఉన్న నాయకుడు చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఇంటికి పోయి చెబితే, భార్య తిమ్మక్కకు సగం మాటలోనే అనుమానం వచ్చింది.

"హైబ్రిడ్డా? టమేటాలో చూసినాం గదా. ఒక పంటకే సరి. ఇత్తనం పెట్టుకుంటే మల్లా మొలవదు."

"ఇది కారే. కరెంటుకు తగిలిచ్చుకుని పోతాదంట."

"తీగకు కొక్కీలేసేదా? అది మనమేస్తే కేసు, ఆయప్పేస్తే త్యాగమా?"

ఈరన్న తువ్వాలు దులుపుకుని తోట వైపు నడిచాడు.

మూడోనాడు అనంతపురం షోరూము నుంచి లహరి అనే అమ్మాయి బండి తెచ్చింది. ఏడు సీట్ల ఫ్యామిలీ ఎస్‌యూవీ, కుటుంబమంతా కూర్చుని చూడండి సార్ అంది. మండలమే నా కుటుంబం అన్నాడు బయ్యన్న, విలేకరి వైపు తిరిగి. ఆ లెక్కన ఒక కాంట్రాక్టరూ, ఇద్దరు మాజీ సర్పంచులూ, ఆ విలేకరీ కుటుంబమై లోపలికి ఎక్కారు. బయ్యన్న స్టీరింగు పట్టుకున్నాడు, లహరి పక్కన కూర్చుంది. కొత్త చీర కట్టుకుని బయటికొచ్చిన బయ్యన్న భార్య యశోదమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వెనక వరసలో ఒక సీటు మిగిలింది. అర్జీతో మళ్ళీ వచ్చి గేటు దగ్గర నిలబడ్డ ఈరన్నను బయ్యన్న పిలిచాడు.

"ఎక్కప్పా ఈరన్నా. నీ తోట దాకా పోయొద్దాం. టెస్ట్ డ్రైవూ అయితాది, నీ టాన్స్‌ఫారమూ చూసినట్టయితాది."

ఈరన్న మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఇన్ని రోజుల్లో ఆయన గుండె కుదుటపడింది అప్పుడే.

బ్యాటరీ మీద అరవై కిలోమీటర్లు పోతుందనీ, అది అయిపోతే పెట్రోలు ఇంజను దానంతటదే అందుకుంటుందనీ లహరి వివరించింది. పెట్రోలు మాట ఎత్తవద్దని బయ్యన్న కళ్ళతోనే వారించాడు. తోట మూడు కిలోమీటర్లు. బండిని అన్ని విధాలా పరీక్షించాలి గనక బయ్యన్న ముందు ఒక పరామర్శకూ, తర్వాత ఒక గృహప్రవేశానికీ, ఆ తర్వాత ఎవరూ పిలవని ఒక నామకరణానికీ పోయాడు. ప్రతిచోటా ఏసీ బాగుందని చెప్పాడు. తోటకు దారి తీసే మలుపు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లు వెనక్కి పోయింది.

అసలు లోపం రోడ్లు కలిసే క్రాసు దగ్గర బయటపడింది. అక్కడి టీ అంగడి ముందర బండల మీద పదిమంది రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంటారు. బయ్యన్న పాత డీజిల్ బండి అరమైలు దూరంలో ఉండగానే వాళ్ళకు వినబడుతుంది. అది వచ్చేసరికి పదిమందీ లేచి, బీడీలు పారేసి, భుజాల మీది తువ్వాళ్ళు చేతుల్లోకి తెచ్చుకుని ఉంటారు. ఈ బండి మాత్రం పిల్లిలా వచ్చి వాళ్ళ వెనకే ఆగింది. ఎవరూ లేవలేదు. పోలింగు రోజు బయ్యన్న తరఫున బూత్‌లో కూర్చునే ఓబులేసు మాట మధ్యలో ఉన్నాడు.

"బయ్యన్న మాటా, నా బోరూ ఒకటేనప్పా. సద్దు వస్తాది, నీళ్ళు రావు."

పదిమందీ నవ్వారు. బండిలో వెనక వరస నుంచి ఇంకో నవ్వు బయల్దేరింది గానీ ఈరన్న దాన్ని దారిలోనే దగ్గుగా మార్చేశాడు. విలేకరి కిటికీ లోంచి కొండలు చూశాడు. అక్కడ కొండలు లేవు.

లహరి మాత్రం సంబరపడింది. "చూశారా సార్, మీరొచ్చినట్టే ఎవరికీ తెలీలేదు. జీరో నాయిస్. దీని స్పెషల్ ఫీచరే అది."

బయ్యన్న వచ్చినంత మెల్లగానే బండిని ముందుకు పోనిచ్చాడు. అరమైలు దాటాక లహరి వైపు తిరిగాడు.

"పాపా, దీనికి సద్దు పెట్టిచ్చుకునేదానికయితాదా?"

"ఎందుకు సార్?"

"నాయకుడొస్తాండాడని ముందే తెలియల్ల. లేకుంటే జనం మర్యాద మర్సిపోతారు. నష్టం నాకు గాదు, వాళ్ళకే."

మధ్యాహ్నానికి బండి ఈరన్న తోట చేరింది. అప్పటికి బ్యాటరీ అడుగంటింది. ఇంకో వంద గజాలు పోతే పెట్రోలు ఇంజను అందుకుంటుందని లహరి గుసగుసగా చెప్పగానే బయ్యన్న బ్రేకు మీద నిలబడ్డాడు. విలేకరి చూస్తుండగా పొగ రావడానికి వీల్లేదు.

"ఈరన్నా, షెడ్డులో ప్లగ్గుంటాది గదా, దీని వైరు తగిలీ."

"కరెంటు యాడుండాదన్నా? ఆ మాట చెప్పేదానికే గదా ఇన్నాళ్ళూ నీ ఎంబడి తిరుగుతాండేది."

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును బయ్యన్న అప్పుడు మొదటిసారి తల ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. వెంటనే కరెంటాఫీసు ఏఈకి ఫోను చేసి, ఈడ కారుకు కరెంటు లేదు, ఏం చేస్తాండారయ్యా మీరు అని అడిగాడు. ఏఈ గొంతు అందరికీ వినబడింది.

"కారుకా సార్? అర్జీలో చీనీ చెట్లకని రాసినారే. కారని ముందే చెప్పింటే ఎప్పుడో అయిపోయుండును."

మర్నాడు ఉదయం ఎనిమిదికల్లా కొత్త ట్రాన్స్‌ఫార్మరు స్తంభం ఎక్కింది. దాంతోపాటు వచ్చిన కాగితం మీద 'విద్యుత్ వాహన ఛార్జింగ్ కేంద్రం' అని ఉంది. వారం లోపల వాహనం ఛార్జింగ్ అవుతుండగా అధికారికి చూపాలనీ, లేకుంటే ట్రాన్స్‌ఫార్మరు దింపుకుపోతామనీ కింద సన్న అక్షరాల్లో ఉంది. ఈరన్న కింద అక్షరాలు చదవకముందే మోటరు వేశాడు. రెండు రోజులకు ముడుచుకున్న ఆకు విచ్చుకుంది.

ఆ వారంలోనే బయ్యన్న కారు ఎంపిక చేశాడు. డీజిల్‌ది. షోరూములో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద సద్దు చేసేది. అయితే ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు గనక, వెనక అద్దం మీద పచ్చ అక్షరాలతో 'ప్లగ్-ఇన్ హైబ్రిడ్' అని స్టిక్కరు వేయించాడు. పేపర్లో ఫోటో వెనక వైపు నుంచే పడింది. 'కరువుపై తొలి దెబ్బ' అని దాని పైన శీర్షిక.

ఏడో రోజు పొద్దున ఈరన్న ఇంకోసారి బయ్యన్న ఇంటికి పోయాడు. ఈసారి అర్జీ తీసుకుపోలేదు.

"పదిగంటలకు ఏఈ వస్తాడంట. బండి లేకుంటే, లేదనే రాసుకుంటాడంట అన్నా. మల్ల పేపరోళ్ళకు తెలిస్తే బాగుండదేమో."

బయ్యన్న టిఫిను సగంలో లేచాడు.

విలేకరిని కూడా ఎక్కించుకుని కొత్త బండి క్రాసు దాటుతుంటే టీ అంగడి దగ్గర పదిమందీ లేచి నిలబడ్డారు. అందరికన్నా ముందు ఓబులేసు లేచాడు. ఆ మోత విని తోటలో ఈరన్న, షెడ్డు వెనక నుంచి ఒక నల్ల వైరు లాక్కొచ్చి సిద్ధంగా ఉంచుకున్నాడు. తీరా చూస్తే బండికి వైరు పెట్టే చోటు ఎక్కడా లేదు. డీజిల్ మూత తెరిచి వైరు కొన అందులోకి వేలాడదీశాడు. రెండో కొనను తిమ్మక్క అప్పటికే షెడ్డు వెనక ఒక బండరాయికి గట్టిగా కట్టేసింది.

ఏఈ స్కూటరు దిగి స్టిక్కరు చదివాడు. వైరు చూశాడు. డీజిల్ వాసన పీల్చాడు. బయ్యన్న ముఖం చూశాడు. తర్వాత పుస్తకం తెరిచాడు.

"ఛార్జింగ్ ఎక్కుతాందా?"

ఈరన్న షెడ్డులోకి పోయి స్టార్టరు నొక్కాడు. మోటరు మూలిగింది. గొట్టంలోంచి నీళ్ళు దబదబా కాలవలో పడ్డాయి.

"విన్నారు గదా," అన్నాడు బయ్యన్న, విలేకరితో.

ఏఈ 'ఎక్కుతున్నది' అని రాసుకుని, పెన్ను పైకెత్తి, పూర్తయ్యేదానికి ఇంకా ఎంతుందని అడిగాడు.

ఈరన్న చెట్ల వైపు చూసి చెప్పాడు.

"ఇంకా నాలుగు సాళ్ళుండాయి సార్."