తిట్లన్నీ భద్రం

"ఏమండీ, సాయంత్రం మీటింగులో ఈ పదవి ఎవరికో ఒకరికి అంటగట్టేస్తాను. రేపట్నించి మనిద్దరం ప్రశాంతంగా కూచుని భోంచేద్దాం" అంది భార్య చెప్పులు వేసుకుంటూ.

ఆమె అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షురాలు. అయిన నాటినుంచీ ఆ ఇంట్లో ఫోను మోగకుండా ముద్ద దిగలేదు. దిగిపోయేముందు ఒక మంచిపని చేద్దామని, సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చే సందేశాలన్నీ ఒకచోట దాచి ఏ సమస్య ఎక్కువో తేల్చిచెప్పే సర్వీసొకటి పెట్టమని మొగుణ్ణి అడిగింది. తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఆమె ఆశ. బళ్లో ఫోను వాడనివ్వరు కనుక దాన్ని అతని చేతిలో పెట్టి పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది.

అతనిది కళ్లజోళ్ల కొట్టు. ఊరందరి చేతా చిన్న అక్షరాలు చదివించే ఆ మహానుభావుడు, సర్వీసు అడిగిన ప్రతి ప్రశ్నకూ చదవకుండానే 'సరే' నొక్కుకుంటూ పోయాడు. వాటిలో 'మీ పేరుతో జవాబులు కూడా మేమే పంపమంటారా?' అన్నది ఒకటి.

కాసేపటికి మూడో అంతస్తు ప్లీడరు గారు గ్రూపులోకి వచ్చారు.

"లిఫ్టు మళ్లీ ఆగింది. పట్టించుకునే దిక్కుందా?"

"మీ సందేశం భద్రపరిచాం. ధన్యవాదాలు" అని అధ్యక్షురాలి పేరుతో జవాబు వెళ్లింది.

"భద్రపరచడమేంటి? బాగుచేయించండి!"

"మీ సందేశం భద్రపరిచాం. ధన్యవాదాలు."

"వెటకారమా? సిగ్గులేదూ?"

"మీ సందేశం భద్రపరిచాం. ధన్యవాదాలు."

అతనికి మతిపోయింది. తను ఒక్క అక్షరం ముట్టుకోలేదే! భార్య ఫోను కట్టేశాడు. తన ఫోనులో చూస్తే జవాబులు వెళ్తూనే ఉన్నాయి. "అయ్యా, మా ఆవిణ్ణేమీ అనకండి, తప్పంతా నాది" అని బతిమాలుతూ రాశాడు. సర్వీసు అతని సందేశాన్నీ భద్రపరిచి, అతనికీ ధన్యవాదాలు చెప్పింది. "మొగుణ్ణి అడ్డం పెట్టుకుంటోందా!" అని రెండో అంతస్తు ఆవిడ అందుకుంది. ఇక గ్రూపంతా భగ్గుమంది.

సాయంత్రం మీటింగుకు మెట్లు దిగుతూ, అతను భయంభయంగా సంగతంతా చెప్పాడు.

"బాగా తిట్టారా?" అని ఆమె ఆగిపోయింది.

"బాగానే."

"హమ్మయ్య! ఇక నన్నెవరు ఎన్నుకుంటారు?" అని నవ్వింది. ఎన్నాళ్లకో ఆమె అలా నవ్వడం చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

మీటింగులో ఆమె నోరు విప్పకముందే ప్లీడరు గారు లేచారు.

"పొద్దుట్నించీ ఈవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. అందరం తిట్టాం. ఒక్కసారైనా విసుక్కుందా? ఎన్నిసార్లంటే అన్నిసార్లూ ధన్యవాదాలే చెప్పింది! కోర్టులో ఎంతమందిని చూశాను, ఇంత ఓర్పు ఎక్కడా చూళ్లేదు. ఇలాంటి మనిషిని వదులుకుందామా?"

"వదులుకోం!" అన్నారంతా.

"అయ్యో, అది నేను కాదండీ..."

"చూశారా, ఎంత అణకువో!" అంది రెండో అంతస్తు ఆవిడ. చప్పట్లు మోగాయి.

ఆమె ముఖం మాడిపోయింది. అతను తలెత్తలేకపోయాడు. అధ్యక్షురాలి ఎన్నిక అయిపోయింది కనుక, ఉపాధ్యక్ష పదవికి ఎవరైనా ముందుకొస్తారా అని ప్లీడరు గారు అడిగారు.

ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని పైకెత్తింది.