చిలగడదుంప లేని గుండిగ

ఆ గురువారం పొద్దున్న ఎర్మెలిందా వేసుకున్న పథకం చాలా చిన్నది. సరస్సు ఒడ్డున ఆవిరి గుంటల దగ్గరికి వెళ్ళాలి. పేర్లు రాసిన రెండు చెక్కలు పీకి, అటుది ఇటు, ఇటుది అటు గుచ్చాలి. ఎవరి కంటా పడకుండా ఇంటికి రావాలి. పదకొండున్నరకి మళ్ళీ వెళ్ళి వాటిని యథాస్థానంలో పెట్టెయ్యాలి. ఈలోగా దొంగ తను తీసిన గోతిలో తనే పడతాడు.

దొంగ ఎవరన్న విషయంలో ఆవిడకి అనుమానం లేదు. ఆవిడ జీవితంలో అనుమానం లేని విషయం అదొక్కటే. పాలవాడు నవ్వుతూ వస్తే పాలల్లో నీళ్ళు కలిపాడనీ, నవ్వకుండా వస్తే నిన్న కలిపినందుకు సిగ్గుపడుతున్నాడనీ అనుకునే మనిషి.

పోర్చుగల్ దీవిలో, అగ్నిపర్వతం వేడి మీదున్న ఫుర్నాష్ ఊళ్ళో కొజీదు వండటానికి పొయ్యి అక్కర్లేదు. మాంసం, కోడి, పచ్చిగానే తినగలిగే పొగబెట్టిన సాసేజీలు, క్యాబేజీ, చేమదుంపలు అన్నీ గుండిగలో పేర్చి, మూత పెట్టి, గుడ్డతో బిగించి కట్టి, తెల్లవారుతూనే ఆవిరి గుంటలో దించి మట్టి కప్పుతారు. ఆరు గంటల్లో నేలే వండి పెడుతుంది. ఒక్కో మట్టి కుప్ప మీద ఆ హోటలు పేరు రాసిన చెక్క ఉంటుంది. గుండిగలన్నీ ఒకే అంగట్లో కొన్నవి, గుడ్డలన్నీ మధ్యాహ్నానికి ఒకే బురద రంగు. అందుకని ఏది ఎవరిదో చెప్పేది ఆ చెక్క ఒక్కటే, దాన్ని ఊళ్ళో అందరూ చర్చి గంటని నమ్మినట్టు నమ్ముతారు.

మూడు వారాలుగా ఎర్మెలిందా గుండిగలో ఎనిమిది సాసేజీలు వెళ్ళి ఆరే తిరిగొస్తున్నాయి. నేల ఉడకబెడుతుంది గానీ తినదు కదా. పక్క కుప్ప జెర్వాజియుది. వీధికి అవతలి వైపు హోటలూ అతనిదే. ఇంక ఆలోచించడానికేముంది?

ఈ మాటే ఆవిడ భర్త ఫ్లోరెన్సియుతో చెప్పింది. రోజూ తెల్లవారుజామున గుండిగని వ్యానులో తీసుకెళ్ళి, గుంటల దగ్గర పనిచేసే బెల్మీరుకి అప్పగించి, పక్క గుండిగలూ గుంటల్లో దిగేదాకా అక్కడే ఉండేది అతనే. వెళ్తూ చంకలో ఒక రొట్టె పెట్టుకుంటాడు, సరస్సులో బాతులకి వెయ్యడానికట. మెత్తని మనిషి.

"జెర్వాజియు అలాంటివాడు కాదులే," అన్నాడు ఫ్లోరెన్సియు, బల్ల మీది అల్పాహారం ముట్టుకోకుండా.

"నువ్వు అందర్నీ నమ్ముతావు. అందుకే చిక్కిపోతున్నావు."

అతను చిక్కిన జాడేమీ లేదు. కానీ మూడు వారాలుగా పొద్దున పూట ఆకలి లేదంటున్నాడు. హోటలు సంగతి తల్చుకుని బెంగ పెట్టుకున్నాడని ఆవిడ జాలిపడింది.

బెంగ పడాల్సిన మాటే. పోయిన చలికాలం వారానికి మూడు బల్లలు కూడా నిండలేదు. ఈ రోజు జుదీత్ అనే ఆవిడ పట్నం నుంచి బస్సులో ఇరవై ఇద్దరు యాత్రికుల్ని తీసుకొస్తోంది. వంట నచ్చితే వేసవంతా ప్రతి గురువారం ఆ బస్సు ఎర్మెలిందా గుమ్మం ముందే ఆగుతుంది. నచ్చకపోతే వీధి దాటి ఎదురింటికి పోతుంది. బస్సు రాకపోతే సెప్టెంబరు దాటి హోటలు నడిచేది కాదు. తల్లి పెట్టిన హోటలు తన చేతుల మీదుగా మూతపడుతుందన్న ఆలోచన వస్తే చాలు, ఆవిడకి గుండె జారిపోయేది. ఈ రోజు ఎనిమిది సాసేజీలూ ఎనిమిదిగానే తిరిగి రావాలి.

అందుకని తెల్లవారకముందే గుండిగ చెవికి గుర్తుగా ఒక ఎర్ర దారం కట్టి, పైన గుడ్డ చుట్టింది. ఏడింటికి మంచులో వెళ్ళి చెక్కలు మార్చేసింది. ఇప్పుడు దొంగ ఎర్మెలిందా పేరు చూసి తవ్వితే, బయటపడేది జెర్వాజియు గుండిగే.

ఎనిమిదిన్నరకి కిటికీలోంచి చూస్తే జెర్వాజియు సరస్సు వైపు నుంచి వస్తున్నాడు. బూట్ల నిండా బురద. మొహంలో ఏదో ఘనకార్యం చేసిన సంతోషం. "పాపం, తన సాసేజీలు తనే తినేశాడు," అనుకుని ఎర్మెలిందా చాలా రోజుల తర్వాత పాట పాడుకుంటూ గ్లాసులు తుడిచింది.

పథకాలకి బస్సులంటే గిట్టదు. పన్నెండింటికి రావాల్సిన బస్సు పదకొండుంబావుకే వచ్చింది. గుండిగ నేల్లోంచి పైకి రావడం తన యాత్రికులు చూడాల్సిందేననీ, మీరూ బస్సెక్కండనీ జుదీత్ పట్టుబట్టింది. ఇరవై ఇద్దరి మధ్య కూర్చుని వెళ్ళి, ఇరవై ఇద్దరి ఎదుట చెక్కలు పీకడం ఎలాగో ఎర్మెలిందాకి తోచలేదు.

గుంటల దగ్గర జెర్వాజియు అప్పటికే ఉన్నాడు. అతనూ చెక్కల వైపే చూస్తున్నాడు, జనాన్ని చూసి దిక్కులు చూస్తున్నాడు. బెల్మీరు పార పట్టుకుని ఎర్మెలిందా పేరున్న కుప్ప దగ్గర నిలబడ్డాడు. ఆవిడ అతని చెవి దగ్గరికి వంగింది.

"బెల్మీరూ, ఇవాళ నాకు ఆ పక్కది తియ్యి."

"పక్కది సెన్యోర్ జెర్వాజియుది, దోనా ఎర్మెలిందా. చెక్క మీద రాసుంది కదా."

ఎర్మెలిందా నడుం బిగించింది. ఇరవై ఏళ్ళలో తన గుమ్మం ముందు బండి నిలపడానికి కూడా చోటివ్వని మనిషి జెర్వాజియు. గుండిగ ఇస్తాడా? ఊరంతా వినేలా అరుస్తాడు.

"ఇచ్చెయ్యి బెల్మీరూ," అన్నాడు జెర్వాజియు తేనె కారే గొంతుతో. "ఆవిడ ఇంటికి అతిథులొచ్చారు. నాకేముంది, ఆవిడది నేను తీసుకుంటా."

ఎర్మెలిందా ఒకడుగు వెనక్కి వేసింది. ఇంత మంచితనం వెనక ఎంత పెద్ద మోసం ఉండాలి? అతని మొహంలోకి చూసింది. అతనూ ఆవిడ మొహంలోకి అలాగే చూస్తున్నాడు. మీరు ముందు తీసుకోండంటే, లేదు మీరే ముందంటూ ఇద్దరూ కాసేపు మర్యాదలు చేసుకున్నారు.

"ఇరవై ఏళ్ళుగా ఇక్కడ గుండిగలు తీస్తున్నా," అన్నాడు బెల్మీరు. "ఒకరిది ఒకరు అడగడం ఇదే మొదలు."

ఏమైనా ఇబ్బందా అని జుదీత్ అడిగింది. ఏమీ లేదని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. జుదీత్ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. ఫ్లోరెన్సియు ఒక పక్కన నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, బాతుల్నే శ్రద్ధగా చూస్తున్నాడు.

హోటల్లో బల్లలన్నీ కలిపి వేసి మధ్యలో గుండిగని పెట్టారు. ఎర్మెలిందా గుడ్డ విప్పింది. ఎర్ర దారం లేదు. ఆవిడకి అంతా అర్థమైపోయింది. తెరిచాడు! చెక్కలు మార్చినా కనిపెట్టి, సరిగ్గా తన గుండిగే తెరిచి, దారం కూడా తెంపి పారేశాడు దుర్మార్గుడు. ఆ కోపంలోనే, మూత తియ్యబోయే ముందు ప్రతిసారీ చెప్పే నాలుగు మాటలు ఈసారి కాస్త గట్టిగా చెప్పింది. ఎదురింటికి వినపడాలని కిటికీ కూడా తెరిచింది.

"మా ఇంటి కొజీదులో చిలగడదుంప ఉండదు. మంచి మాంసం లేనివాళ్ళు తీపి పెట్టి కప్పిపుచ్చుకుంటారు. మా అమ్మయితే చిలగడదుంపని ఈ గడప దాటనిచ్చేది కాదు. ఈ ఇంట్లో దాని మొహం ఎవరూ చూడలేదు, చూడబోరు."

జుదీత్ ఆ మాటల్ని యాత్రికుల భాషలో చెప్పింది. ఎర్మెలిందా మూత తీసింది.

పైన వరసగా ఏడు చిలగడదుంపలు. ఒక్కోటీ పిడికెడంత లావు, బంగారు రంగులో నిగనిగలాడుతూ.

ఇది నాది కాదని అందామంటే ఆ గుండిగే కావాలని అందరి ఎదుటా అడిగి మరీ తెచ్చుకుంది. నాదేనందామంటే చిలగడదుంపలు ఆవిడ మొహంలోకే చూస్తున్నాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అప్పుడు బల్లల చివర ఒక ముసలాయన పకపకా నవ్వాడు. ఆ తర్వాత పక్కావిడ. తర్వాత బస్సంతా నవ్వు.

ఎర్మెలిందా ఎవరి మొహం చూడకుండా వడ్డించింది. అలవాటు చొప్పున సాసేజీలు లెక్కపెట్టింది. అవీ ఆరే. వాళ్ళు తిన్నంతసేపూ వంటింట్లో గోడకి ఆనుకుని, తల్లి ఫొటో వైపు చూడటానికి మొహం చెల్లక, బస్సు ఎప్పుడు వీధి దాటుతుందా అని చెవి ఒగ్గి కూర్చుంది.

జుదీత్ వంటింట్లోకే వచ్చింది. "పదకొండు ఇళ్ళల్లో కొజీదు తిన్నా. మాంసం పక్కన ఇంత బావున్న చిలగడదుంప ఎక్కడా తినలేదు. ఇక మీ నాటకం సంగతి చెప్పక్కర్లేదు. అంత కోపంగా లేదు లేదంటూ మూత తీశారు చూడండి! మావాళ్ళు దారంతా అదే చెప్పుకుంటారు. ప్రతి గురువారం వస్తాం. ఒక్కటే షరతు, ఆ దుంపలుండాలి, ఆ మాటలూ ఉండాలి. కిటికీ కూడా అలాగే తెరవండి."

హోటలు నిలబడింది, తల్లి మాట పడిపోయింది, రెండూ ఒకే గుండిగలో. ఎర్మెలిందాకి ఏడుపొచ్చింది. సంతోషంగా ఉన్నందుకు సిగ్గేసి ఇంకాస్త ఏడ్చింది.

మూడింటికి పెరటి తలుపు చప్పుడైంది. జెర్వాజియు. చేతిలో ఎర్ర దారం.

"ఇది మీదే అయ్యుంటుంది. ఇంత అనుమానం ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేదు."

"నా గుండిగ తెరిచి, మళ్ళీ నాకే చెప్తున్నారా?"

"మీరే తీసుకోమన్నారు కదా. ఎనిమిదింటికి చెక్కలు మార్చింది నేను. మూడు వారాలుగా నా గుండిగలో సాసేజీలు రెండేసి తగ్గుతున్నాయి. మీ పనే అనుకున్నా. నా చెక్క చూసి తవ్వితే మీ గుండిగే బయటపడాలని మార్చా."

"ఎనిమిదింటికా? నేను ఏడింటికే మార్చాను!"

ఇద్దరూ కాసేపు వేళ్ళ మీద లెక్క కట్టుకున్నారు. రెండుసార్లు మారిన చెక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బెల్మీరు మాట వినుంటే ఎవరి గుండిగ వాళ్ళింటికే చేరేది. దొంగతనం తన మీద మోపినందుకు ఎర్మెలిందా కోపం తెచ్చుకుందామనుకుంది. తను మోపింది గుర్తొచ్చి ఊరుకుంది.

జెర్వాజియు వెళ్ళలేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. వచ్చిన అసలు పని అప్పుడు చెప్పాడు.

"గురువారం మా హోటల్లో ఎవరు తింటారో మీకు తెలుసు. ఊరి ముసలాళ్ళు. ఇరవై ఏళ్ళుగా తింటున్నారు, ఇరవై ఏళ్ళుగా వంక పెడుతున్నారు. ఇవాళ ఒక్కడూ ఉప్పు అడగలేదు. రెండోసారి వడ్డించుకున్నారు. ఒకాయన మీ అమ్మని తల్చుకున్నాడు."

ఆ ముసలాళ్ళంతా ప్రతి గురువారం తన గుమ్మం ముందు నుంచే ఎదురింటికి పోయేవాళ్ళు. ఎర్మెలిందా పొయ్యి వైపు తిరిగి, మొహం కనిపించకుండా అడిగింది.

"నిజంగా ఉప్పు అడగలేదా?"

"పోర్చుగల్ మొత్తం సాక్షి. వచ్చే గురువారం కూడా అదే కావాలన్నారు. నాకు అలా వండటం రాదు."

"నాకు చిలగడదుంపలు ఉడకబెట్టడం రాదు," అని ఎర్మెలిందా ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒప్పుకుంది.

బేరం అక్కడే, నిలబడే కుదిరింది. గురువారాల్లో ఎవరి గుండిగ వాళ్ళే వండుతారు, ఎదుటివాళ్ళ పేరు మీద పాతిపెడతారు. జుదీత్‌కీ ముసలాళ్ళకీ చెప్పరు. ఎర్మెలిందా కిటికీ తెరిచి చిలగడదుంపని తిడుతుంది, ఎదురింట్లో జెర్వాజియు తలొంచుకుని వింటాడు. తల్లి ఫొటోని మాత్రం గురువారం పూట వంటింట్లోంచి తీసి, ఆవిడ వంట వెళ్ళే ఎదురింటికే పంపాలనుకుంది, కానీ ఆ మాట పైకి అనలేదు.

ఇంక మిగిలింది దొంగ. ఇద్దరి గుండిగలూ దోచాడంటే మూడోవాడే అయ్యుండాలి. బెల్మీరా? పొరుగూరివాళ్ళా? పాలవాడా? ఇద్దరు అనుమానం మనుషులు ఒకచోట కూర్చుంటే ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. గుండిగలకి కాపలా పెట్టాలని తేల్చారు. కానీ నమ్మకస్తుడైన మనిషి ఎక్కడ దొరుకుతాడు?

అంతసేపూ మూలన కూర్చుని వింటున్న ఫ్లోరెన్సియు, మీకంత ఇబ్బందైతే నేనే ఉంటానన్నాడు. రెండు గుండిగలూ తన వ్యానులోనే తీసుకెళ్తానన్నాడు. చలిలో పొద్దున్నే అంతసేపు, అదీ ఏమీ తినకుండా ఎలా ఉంటావని ఎర్మెలిందా కళ్ళు చెమర్చాయి. జెర్వాజియు లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆ మరుసటి గురువారం నుంచి ఫ్లోరెన్సియు బాతుల కోసం రెండు రొట్టెలు పట్టుకెళ్తున్నాడు.